దిల్‌సుఖ్‌నగర్ రాసిన శాట

చేటను తెలంగాణ పల్లెల్లో శాట అంటారు. మనం చెప్పుకోబోయే శాట వెదురుతో అల్లింది కాదు. హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. ఆ భాషలో పనిచేసేవాళ్లు ఏయే దేశాల్లోనో ఉన్నారు, వాళ్లలో చాలామంది రోజూ దీన్ని వాడతారు. ఇది రాసిందెవరా అని చూస్తే, పేరు ఉండాల్సిన చోట "దిల్‌సుఖ్‌నగర్" అని ఉంటుంది. ఒక పేట కూర్చుని ప్రోగ్రాం రాస్తుందా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. వస్తువు బాగుంటే చాలు, చేసిన చెయ్యి ఎవరికి కావాలి?

ఆ చెయ్యి జోస్నాది. ఎల్బీనగర్‌లో సాగర్ రింగ్‌రోడ్డు పక్క గల్లీలో, తల్లి ఎలీశమ్మతో కలిసి కిరాయి ఇంట్లో ఉంటుంది. తండ్రి ఇశ్రాయేలు తాపీ మేస్త్రీ. చంపాపేట్ నుంచి బడంగ్‌పేట్ దాకా జనానికి ఇళ్లు కట్టి, తనకంటూ ఒక గోడైనా కట్టుకోకుండా పోయాడు. ఎలీశమ్మ ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేసింది, మోకాళ్లు మొరాయించాక మానేసింది. జోస్నా బి.ఎస్సీ కంప్యూటర్స్ చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చెప్పుల దుకాణం మీద ఉన్న పట్టాభి గారి కోచింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంటుగా కుదిరింది. ల్యాబ్ అసిస్టెంటు అంటే పేరు గొప్పే. పొద్దున్నే కంప్యూటర్లు ఆన్ చేయాలి, పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి గోడకు అతికించాలి, ఏసీ కారితే బకెట్టు పెట్టాలి. పిల్లలు "మేడమ్" అంటారు. జీతం మాత్రం ఆ మాట వినలేదు.

పట్టాభి గారు తెనాలి వైపు మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే హాయిగా తిట్టుకుని ఊరుకోవచ్చు. పండక్కి ల్యాబ్ వాళ్లకు చీరలు పెట్టేవాడు, ఎలీశమ్మ దవాఖానలో ఉంటే వచ్చి చూసి పళ్లిచ్చి వెళ్లాడు. కాకపోతే తన కప్పు కింద ఉన్నదంతా తనదే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో కల్మషం కూడా లేదు.

ఒకసారి ఏదో కంపెనీ తన ఉద్యోగులకు హాస్కెల్ నేర్పించమని పట్టాభిని అడిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జావా నేర్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈ హాస్కెల్ ఎవడికి వచ్చు? ఎక్కడినుంచో ఒక ఫ్యాకల్టీని పట్టుకొచ్చారు. అతను అడ్వాన్సు తీసుకుని ఫోన్ కట్టేశాడు.

"జోస్నా, నువ్వు చదివి చెప్పెయ్యమ్మా. వాళ్లకంటే ఒక పాఠం ముందుంటే చాలు కదా," అన్నాడు పట్టాభి. ఆయన కోచింగ్ విద్య మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆమె చదివింది. చదివి ఆ భాషకు దాసోహమైపోయింది. అందులో ఒక పేరుకు ఒక విలువ ఇచ్చామంటే ఆ పేరుకు కడదాకా అదే విలువ. వెనకనుంచి ఎవరో వచ్చి మార్చేయడం కుదరదు. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి ఉండని చోట బతుకుతున్న మనిషికి, ఇలాంటి ఒక భాష ఉందని తెలియడమే ఎంతో ఊరట. ఆ కంపెనీ బ్యాచి అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు. జోస్నా మాత్రం ఆ భాషను వదల్లేదు. మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు డబ్బా విప్పి ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో రాసుకునేది.

ప్రోగ్రాంలో తప్పుందేమో చూడాలంటే దానికి అడ్డదిడ్డమైన అంకెలూ మాటలూ వేసి చూస్తారు. అందుకు ఆ భాషలో పనిముట్లు ముందే ఉన్నాయి. వాటిలో కొన్ని, తప్పు దొరగ్గానే గంపెడు సరుకు తెచ్చి ముందు కుమ్మరించి, ఇందులో ఎక్కడో ఉంది వెతుక్కో అనేవి. జోస్నాకు అది నచ్చలేదు. ఇంట్లో తల్లి రేషన్ బియ్యం చెరుగుతుంటే చిన్నప్పటినుంచీ చూసింది. ఎలీశమ్మ బియ్యం బాగాలేవని డీలరును తిట్టి ఊరుకునేది కాదు. చెరిగి, పక్కకు నెట్టి, ఒక్క రాయిని తీసి కూతురి చేతిలో పెట్టేది. జోస్నా రాసిన పనిముట్టు చేసేదీ అదే. మంచి గింజలన్నీ పక్కకు తోసి, ప్రోగ్రాంను పడగొడుతున్న అతి చిన్న ముక్కను మాత్రం చూపిస్తుంది. దానికి శాట అని పేరు పెట్టింది. రాయడానికి ఏడాది పైనే పట్టింది. ఆమె జీవితంలో మొదటినుంచి చివరిదాకా తనే చేసిన పని అదొక్కటే.

ఇక్కడే తప్పు చేసింది. ఆ తప్పు వాళ్లింటి మనిషి తప్ప ఇంకెవరూ చేయరు.

వాళ్ల మందిరంలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఊళ్లలో పొలాలు వదిలి వచ్చినా పండుగను వదల్లేదు. పల్లెలో మొదటి కంకి, మొదటి సొరకాయ తెచ్చి పెట్టినట్టే, ఇక్కడ మేస్త్రీలు మొదటి కూలి, కుట్టుపనివాళ్లు మొదట కుట్టిన జాకెట్టు తెచ్చి ముందు పెడతారు. కొందరు పాస్టరు గారి నోట తమ పేరు చదివించుకుంటారు, మైకులో. ఎలీశమ్మ ఏనాడూ చదివించుకోలేదు.

శాట పూర్తయిన వారంలోనే ఆ పండుగ వచ్చింది. జోస్నా సంతోషం పట్టలేక తల్లికి చెప్పింది.

"మొదటి పంట దేవునిది బిడ్డా," అన్నది ఎలీశమ్మ. "ఇచ్చినంక గది నేనే ఇచ్చిన అని చెప్పుకుంటే, ఇచ్చినట్టు గాదు."

ప్రోగ్రాంను పళ్లెంలో పెట్టి మందిరానికి తీసుకుపోలేం కదా. అందుకని జోస్నా దాన్ని లోకం మొత్తానికీ ఉచితంగా పెట్టింది, పేరు లేకుండా. రాసినవాళ్ల పేరుండే చోటు ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. అప్పుడు కిటికీలోంచి కనిపించే బోర్డు చూసి "దిల్‌సుఖ్‌నగర్" అని కొట్టేసింది. లోకంలో ఇలాంటి పనిముట్లు ఊరికే పంచేవాళ్లకు దక్కే కూలి తమ పేరు నలుగురికీ తెలియడమే. ఆ కూలి కూడా దేవుడి ముందు పెట్టేసి, తేలికైన మనసుతో ఇంటికి పోయింది. పిచ్చితల్లి!

శాట పాకింది. పోర్చుగల్ నుంచి, బ్రెజిల్ నుంచి ఎవరెవరో "ప్రియమైన దిల్‌సుఖ్‌నగర్, మీకు కృతజ్ఞతలు" అని రాసేవాళ్లు. లిస్బన్‌లో ఉండే ఒకాయన ఇష్టంగా దాని బాగోగులు చూడటంలో సాయానికి వచ్చాడు. ఆయన కూడా ఇటు ఉన్నది ఆడో మగో ఏనాడూ అడగలేదు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. జోస్నా ఆ ఉత్తరాలు చదివి, లేచి వెళ్లి ఏసీ కింద బకెట్టు మార్చేది.

శాటను లోకానికి పంచే "దిల్‌సుఖ్‌నగర్" ఖాతా ల్యాబ్ కంప్యూటర్లోనే ఉండేది. దాని పాస్‌వర్డ్ కూడా గోడమీది కాగితంలోనే ఉండేది. అక్కడ పెట్టింది జోస్నానే. పిల్లలు పుస్తకంలో చదవడం కాదు, నిజంగా నలుగురు వాడే పనిముట్టులో చెయ్యి పెట్టి, చిన్నదో చితకదో ఒక తప్పు దిద్దితే అప్పుడు వస్తుంది విద్య అని ఆమె పద్ధతి. ఆ కంపెనీ తరువాత పట్టాభి పెట్టిన ప్రతి హాస్కెల్ బ్యాచ్ చేతా ఆ ఖాతాలో ఒక్క దిద్దుబాటైనా చేయించేది. శాట అంటే ఏమిటని అడిగితే ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేది: "బియ్యంలో రాయి ఉందని అరవడం కాదు, ఆ రాయిని ఏరి అరచేతిలో పెట్టాలి." పిల్లలు గబగబా రాసుకునేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలు తుమ్మినా దగ్గినా రాసుకుంటారు.

ఆ ఉత్తరాలు ఒకరోజు పట్టాభి కంటపడ్డాయి. మర్నాటికల్లా మెట్ల దగ్గర ఫ్లెక్సీ వెలిసింది: "ప్రపంచం మెచ్చిన శాట, మా ల్యాబ్ నుంచే!" పక్కన పట్టాభి గారి ఫొటో, చేతులు కట్టుకుని. సొమ్మొకడిది, సోకొకడిది.

జోస్నా పోయి అడిగింది. "సర్, గది నేను రాసింది గద."

"ఎవరు కాదన్నారమ్మా? కానీ నీ పేరు ఎక్కడుంది అందులో? నువ్వే వద్దనుకున్నావు. ఊరి పేరు పెట్టావు, ఊరందరిదీ అయింది. మంచి పనే చేశావు." ఆయన నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు. జోస్నా, దేవుడికిచ్చిన దాని గురించి పట్టాభితో పోట్లాడటం ఏం బాగుంటుందని వెనక్కి వచ్చేసింది.

ఆ తరువాత అది రెజ్యూమెల్లోకి ఎక్కింది. కోచింగ్ పేటలో అనుభవం లేనివాడికి అనుభవం అతికించి పంపడం కొత్త కాదు. పని చేయని కంపెనీలో పని చేసినట్టు రాసుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటారు. హాస్కెల్ ఉద్యోగాలకు వెళ్లే పిల్లల రెజ్యూమెల్లో పట్టాభి "శాట రచయిత" అని రాయించడం మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూలో నమ్మకపోతే ఖాతాలోకి వెళ్లి చూపించమని పాస్‌వర్డ్ కూడా రాసిచ్చేవాడు.

జోస్నాకు అది తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఊరుకోవడానికి కారణం వినయ్. ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడు. తెలివి లేనివాడేం కాదు, భయస్తుడు. ఎక్కడికి వెళ్లినా ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాడు. అప్పుడు జోస్నా తన డబ్బాలోని అన్నం సగం అతనికి పెట్టి, శాట లోపల ఏ భాగం ఎందుకు అలా ఉందో సాయంత్రం దాకా చెప్పింది. అతని రెజ్యూమెలో "శాట రచయిత" అన్న మాట చూసింది. పోనీలే, పిలగాడు బతుకుతడు అనుకుంది. వినయ్‌కు ఉద్యోగం వచ్చింది, ఏ కంపెనీ అని ఆమె అడగలేదు. పుల్లారెడ్డి స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

కాలం జరిగింది. ఏఐ వచ్చాక కోచింగ్ సెంటర్లకు పిల్లలు తగ్గారు. పట్టాభి ఒక గది ఖాళీ చేసి బట్టల షాపు గోడౌనుకు ఇచ్చాడు. హాస్కెల్ బ్యాచి ఆగిపోయింది. ల్యాబ్‌లో ఇప్పుడు ఎక్సెల్ నేర్పుతున్నారు. జోస్నాకు ముప్పై నాలుగు దాటాయి. అలాంటి రోజుల్లో ఆమె ఒక ప్రకటన చూసింది. బీమా లెక్కలు చూసే కంపెనీ, వాళ్ల పనంతా హాస్కెల్‌లోనే. శాట బాగా తెలిసిన మనిషి కావాలి అని అందులో రాసి ఉంది.

ఆ ప్రకటనను ఎన్నిసార్లు చదివిందో. రోజంతా ఆ భాషలోనే పని చేయొచ్చు. దాని గురించి తనలాగే మాట్లాడే మనుషుల మధ్య కూర్చోవచ్చు. దొంగచాటుగా డబ్బా విప్పుకుని ఒక చేత్తో రాసుకునే బాధ ఉండదు. ఇంతకన్నా పెద్ద కోరిక ఆమెకు ఎప్పుడూ లేదు. ఇది దాటిపోతే హైదరాబాదులో ఇంకొకటి రాదని కూడా ఆమెకు తెలుసు. దరఖాస్తు పెట్టింది. మొదటిసారి తన పేరు కింద రాసింది: శాట నేను రాశాను.

తల్లికి చెబితే ఎలీశమ్మ ముఖం ముడుచుకుంది. "గిన్నేండ్లకు చెప్పుకుంటున్నవా బిడ్డా?"

"చెప్పుకోకుంటే ఎట్ల అమ్మా? ఇంకెవలు చెప్తరు నా గురించి?"

ఎలీశమ్మ ఇంటర్వ్యూ రోజు పొద్దున మోకాళ్ల నొప్పితోనే కూర్చుని ప్రార్థన చేసింది. కుక్కర్ కూత వినబడుతుందని పొయ్యి కూడా వెలిగించలేదు.

ఇంటర్వ్యూ వీడియోలో. అడిగే ఆమె పేరు అమల. కంపెనీలో పెద్ద ఇంజినీరు, మాటలో విజయవాడ యాస, ముఖంలో అలసట. "మా టీం నుంచి ఇంకొకరు కూడా వింటారు," అంది. తెరమీద ఆ రెండో మనిషి చతురస్రం, కెమెరా ఆపేసి, నల్లగా ఉంది. కాసేపు ఇంగ్లిషులో నడిచాక, జోస్నా తడబాటు చూసి అమలే తెలుగులోకి మారింది. మంచి మనిషే. మొదట అడిగినవాటికి జోస్నా నీళ్లు తాగినంత తేలిగ్గా చెప్పింది. చెబుతున్నకొద్దీ అమల ముఖం ఎందుకో బిగుసుకుంటోంది.

"సరే, శాట ఉద్దేశం ఏంటో మీ మాటల్లో చెప్పండి," అంది.

జోస్నా ఉత్సాహంగా ముందుకు వంగింది. "బియ్యంలో రాయి ఉందని అరవడం కాదు మేడమ్..."

"...ఆ రాయిని ఏరి అరచేతిలో పెట్టాలి," అని అమల పూర్తి చేసింది. "అంతేనా?"

జోస్నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది, తన మాట అంతదూరం వెళ్లిందా అని.

"ఈ ముక్క నాకు కంఠతా వచ్చేసిందండీ. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే ప్రతివాళ్లూ ఇదే చెబుతున్నారు. అక్షరం పొల్లుపోకుండా. ఈ నెలలోనే చాలామంది. అందరూ శాట రచయితలే." అమల గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పటిదాకా మీరు చెప్పిన జవాబులు కూడా అవే. ఆ ఉదాహరణలతో సహా. మీరైనా నిజం చెబుతారా? ఏ ఇన్‌స్టిట్యూట్?"

"మేడమ్, గా మాటలు నావే. నేనే చెప్పిన వాళ్లకు."

"వాళ్లలో ఒకబ్బాయి కూడా ఇదే అన్నాడు."

"ఖాతా తెరిచి చూపిస్త. ఇప్పుడే చూపిస్త."

"అది కూడా చూపించాడండీ. మీకందరికీ పాస్‌వర్డ్ ఇచ్చే పంపుతారట కదా."

ఏం చూపించాలి? తన మాటలు తనకంటే ముందే వచ్చి, ఎంగిలై, ఇక్కడ కూర్చున్నాయి. కొత్త మాటలు వెతుక్కుంది. రాలేదు. ఎన్నో ఏళ్లు చెప్పి చెప్పి నున్నబడిన ఆ మాటలే నోటికి వస్తున్నాయి. నిజం చెప్పే మనిషి బట్టీ పట్టినవాడిలా వినబడటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అప్పుడే ఆమె చూపు ఆ నల్ల చతురస్రం మీద పడింది. మూలన చిన్న అక్షరాల్లో పేరుంది. వినయ్.

ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "వినయ్! నువ్వున్నవా! నువ్వు చెప్పు మేడమ్‌కు, శాట ఎవలు రాసిండ్రో నీకెర్కే గద!"

అమల ఆశ్చర్యపోయింది. "వినయ్, ఈవిడ నీకు తెలుసా?"

ఆ కంపెనీలో శాట రచయిత వినయే. ఆ పేరు మీదే చేరాడు, ఆ పేరు మీదే పైకి వచ్చాడు. ఒక్క మాటతో ఆమెను నిలబెట్టొచ్చు, కానీ ఆ మాటతోనే తను కూలిపోతాడు. మైకు గరగరమంది.

"తెలుసండి," అన్నాడు వినయ్. "మా ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునే మేడమ్ అండి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధమే చెప్పి ఉంటే ఎదిరించేది. నిజానికి ఏమని ఎదురు చెప్పాలి? అమల "థాంక్యూ అండీ, మేం చెబుతాం," అంది. ఆ మాటకు అర్థం కోచింగ్ పేటలో అందరికీ తెలుసు.

ఎలీశమ్మ తలుపు సందులోంచి చూస్తోంది. "ఏమైంది బిడ్డా?"

జోస్నా ఎన్నడూ తల్లిమీద గొంతెత్తలేదు. ఆ రోజు ఎత్తింది. "నీ మాట ఇని దేవునికి ఇచ్చిన గద! ఆయన తీసుకున్నడో లేదో గని, దిల్‌సుఖ్‌నగర్ మొత్తం తీసుకున్నది! ఒక్క పేరు. నా పేరు నేను పెట్టుకుంటే నీ దేవునికి ఏం తక్కువైతుండె?"

ఎలీశమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "నాకేం ఎర్క బిడ్డా," అన్నది. "నేను బియ్యం గురించి, సొరకాయ గురించి చెప్పిన. గీ కంప్యూటర్ గురించి నాకేం ఎర్క?"

ఆ మాటతో జోస్నాకు తిట్టడానికి తల్లి కూడా మిగల్లేదు. అన్నం వండుకోకుండానే ఇద్దరూ ఆ పూట గడిపారు. పట్టాభి మీద కోపం, వినయ్ మీద కోపం, వాళ్లకు అన్నీ విప్పి చెప్పిన తన నోటి మీద అంతకన్నా కోపం. చెప్పినందుకు చింతించడం నేర్పేవాళ్లకు రాకూడని కష్టం. ఆమెకు వచ్చింది.

రెండు రోజులకు వినయ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, నన్ను క్షమించండి. నేను నోరు తెరిస్తే నా ఉద్యోగం పోయేది. పెళ్లయింది మేడమ్, పాప ఉంది. మీకేం చేయమన్నా చేస్తాను."

"ఏం చేస్తవు?"

"మేడమ్... ఇంకోటి. హాస్కెల్‌ను నడిపే కంపైలర్ కొత్తది వచ్చింది కదండీ, దాంతో శాట పడిపోతోంది. బయట కూడా అందరికీ ఆగిపోయిందట. ఇక్కడ నన్నే సరిచేయమంటున్నారు. నేనే రాశాననుకుంటున్నారు కదా. ఎంత చూసినా అర్థం కావట్లేదండి. మీరొక్కసారి..."

"ల్యాబ్ చూసుకునే మేడమ్‌ను వినయ్," అన్నది జోస్నా. "నాకేం తెలుస్తది?" ఫోన్ పెట్టేసింది. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుంటుందనుకునేది ఇన్నాళ్లూ.

అయినా ఉండబట్టలేదు. మర్నాడు ల్యాబ్‌కు పోగానే తెరిచి చూసింది. నిజమే, శాట పడిపోయింది. ఎక్కడెక్కడివాళ్లో మర్యాదగా అడుగుతున్నారు: దిల్‌సుఖ్‌నగర్, చూస్తారా? తప్పు ఎక్కడుందో ఆమెకు చూడగానే తెలిసింది. తను రాసిందే, తను తొందరపడ్డ చోటే. పోతే పోనీ అనుకుని ఎక్సెల్ పిల్లల దగ్గరికి వెళ్లింది, మళ్లీ వచ్చింది. తన చేతి వస్తువు అలా విరిగి పడి ఉంటే చూస్తూ కూర్చోవడం చేతకాలేదు. దిద్దింది. కాకపోతే ఈసారి గోడమీది పాస్‌వర్డ్ ముట్టుకోలేదు. తన సొంత పేరుతో కొత్త ఖాతా తెరిచి, దిద్దిన భాగాన్ని అక్కడినుంచి పంపింది. కింద సంతకం పెట్టింది: జోస్నా ఇశ్రాయేలు, ఎల్బీనగర్. దేవుడు ఏమైనా అనుకోనీ. ఆ పేరు శాట పక్కన కనబడగానే ఇంకోసారి చదువుకుంది.

మధ్యాహ్నానికి లిస్బన్ ఆయన నుంచి జవాబు వచ్చింది. ఆయన తప్పేం లేదు. ఈ మధ్య దొంగలు ముక్కూ ముఖం తెలియని కొత్త పేర్లతో ఇలాంటి పనిముట్లలోకి దూరి, విషం కలిపి పోతున్నారు. అందుకే అందరూ జాగ్రత్తగా ఉంటున్నారు. ఆయన రాశాడు: "జోస్నా, మీరెవరో మాకు తెలియదు. ఖాతా ఈరోజే తెరిచారు. శాట లోపలి భాగం ఇంత బాగా ఎలా తెలుసో కూడా అర్థం కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మీకు పూచీ పడేదాకా మీ మార్పును ఆపుతున్నాను."

జోస్నా ఆ ముక్క చదివి కుర్చీలో వెనక్కి వాలింది. దిల్‌సుఖ్‌నగర్ ఖాతాలోకి వెళ్లి, ఆమె నేనే అని రాయొచ్చు. రాస్తే దొంగ తనకు తనే జామీను పడ్డట్టు ఉంటుంది. నేనే దిల్‌సుఖ్‌నగర్ అని ఎవరికి చెప్పాలి? అలా చెప్పుకుంటే ఏమవుతుందో ఇంటర్వ్యూలో చూసింది కదా.

ఆమె ఆలోచిస్తుండగానే కింద ఇంకో జవాబు వచ్చి పడింది. రాసింది దిల్‌సుఖ్‌నగర్. వెనకున్నది వినయో, పట్టాభో, పాస్‌వర్డ్ పట్టుకుపోయిన పిల్లల్లో ఎవరో. ఎవరైనా మంచి మనసుతోనే రాశారు: "ఈమె మాకు తెలిసిన మనిషే. మా ల్యాబ్‌లో పనిచేస్తుంది, నమ్మకస్తురాలు. మార్పు నేను చూశాను, బాగుంది. తీసుకోవచ్చు."

లిస్బన్ ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "ధన్యవాదాలు దిల్‌సుఖ్‌నగర్, మీ మాట చాలు. స్వాగతం జోస్నా! శాటలో ఇది మీ మొదటి పని కదా, అభినందనలు."